తంబళి పెద్ది మనవడు

బాలనాగమ్మ కథలో సైన్యం గెలవదు. భార్యను విడిపించుకోవడానికి కార్యవర్ధిరాజు బలగాన్నంతా వెంటబెట్టుకుని నాగళ్ళపూడి గట్టు మీదికి వెళ్తాడు. మాయల ఫకీరు ఎదురొచ్చి మంత్రం వేస్తాడు. రాజూ, ఆయన వెంట వెళ్ళిన వాళ్ళూ నిలుచున్న చోటే రాళ్ళైపోతారు. ఏళ్ళు గడిచాక ఓ పిల్లవాడు పూలబుట్ట నెత్తిన పెట్టుకుని ఆ రాళ్ళ మధ్య నుంచే నడిచి వెళ్తాడు. కోట తలుపు అతనికి తెరుచుకుంటుంది.

చిన్నతనంలో ఆ తలుపు తెరుచుకోవడం ఎన్ని రాత్రులు చూశానో! కథంతటికీ ముఖ్యమైన ఘట్టం అదేనని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. ఫకీరు ప్రాణం దాగిన చిలక గొంతు నులమడం కాదు, వాడు గిలగిల్లాడి నేలకూలడం కాదు. తలుపు దగ్గర ఇద్దరు కావలివాళ్ళు, వాళ్ళ ముందు ఓ ముసలమ్మ, ఆమె పక్కన ఆ పిల్లవాడు. కథ అక్కడే గెలుస్తుంది.

మాది జగ్గయ్యపేట. పక్కనే తెలంగాణ పొలిమేర. నేను ఆరో తరగతి చదివే ఏడు, సంక్రాంతి వెళ్ళాక, సురభి సమాజం ఒకటి మా ఊళ్ళో మకాం వేసింది. ధాన్యం ఇళ్ళకు చేరి, మిరపకోతలు సాగుతూ, జనం చేతుల్లో నాలుగు డబ్బులు ఆడే రోజులు. లారీల్లోంచి ఇనుపరేకులు దిగాయి, వెదురుబొంగులు దిగాయి, బొంగులకు చుట్టిన తెరలు దిగాయి. వాటి వెనక ట్రంకుపెట్టెలు, గుండిగలు, చంటిపిల్లల ఉయ్యాలలు, ఒక కుట్టుమిషను. చూస్తుండగానే ఖాళీ జాగాలో నాటకశాల లేచింది. ముందు నేల టికెట్టు వాళ్ళకు ఇసుక పోశారు, ఆ వెనక బెంచీలు, ఆ వెనక కుర్చీలు. స్టేజీ వెనకాల రేకుల గదుల్లోనే వాళ్ళ కాపురాలు. అందరూ ఒకే కుటుంబం. తాత హార్మోనియం వాయించేవాడు. కొడుకులు రాజులు, కోడళ్ళు రాణులు, మనవలూ మనవరాళ్ళూ ప్రహ్లాదులు, లవకుశులు, చిన్ని కృష్ణులు.

వాళ్ళకు పాలు పోసింది మా ఇల్లు. పొద్దునా సాయంత్రం క్యాను పట్టుకుని వెళ్ళేది నేను. దాంతో ఆ నాటకశాల నాకు ముందు నుంచీ తెలుసు, వెనక నుంచీ తెలుసు.

హార్మోనియం తాత మంచి మాటకారి. వాళ్ళ పూర్వులు తోలుబొమ్మలాడించిన ఆరె మరాఠీ కుటుంబాలని ఆయనే చెప్పాడు. గదుల్లో వాళ్ళు మరాఠీ మాట్లాడుకునేవాళ్ళు. తెర లేచిందంటే ఒక్క అక్షరం జారని తెలుగు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచకవధ' ఆడించడంతో ఆ సమాజం పుట్టిందట. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో, ఆడవేషం ఆడవాళ్ళే కట్టాలని నిలబెట్టిన వాళ్ళు సురభివాళ్ళు. తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల బిడ్డే. తాత ఆమె పేరు ఎత్తినప్పుడల్లా గొంతు సవరించుకునేవాడు.

ఆ మొదటి నాటకాన్ని ఇప్పుడు తలుచుకుంటే ఒక సంగతి తోస్తుంది. విరాటుడి కొలువులో వంటవాడిగా తలదాచుకున్న భీముడు, సైరంధ్రి కోసం చీకట్లో కాచుకుని కూర్చుంటాడు. తన బలానికి తిరుగులేదనుకున్న కీచకుడు ఆ చీకట్లోకి తనంతట తానే నడిచి వస్తాడు. మారువేషంలో ఉన్నవాడు ఓ అబలను కాపాడడం, మిడిసిపడేవాడు ఎదుటి మనిషిని పోల్చుకోలేక చెడడం. వాళ్ళ తెర మొట్టమొదట లేచిందే ఆ కథ మీద. బాలనాగమ్మ వాళ్ళ చేతుల్లో అంతగా పండిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

బాలనాగమ్మ మా ఊరికి కొత్త కథేం కాదు. బుర్రకథల వాళ్ళు ఏటా చెప్పేవాళ్ళు. మా అమ్మ తరం 1942లో వచ్చిన జెమినీ వారి సినిమా చూసిన తరం. కాంచనమాల కన్నీళ్ళనూ, ఫకీరు వేషంలో, అంటే మాయల మరాఠీగా, గోవిందరాజుల సుబ్బారావు చూపునూ మా అమ్మ అన్నం వడ్డిస్తూ కూడా చెప్పేది. కథ అందరికీ తెలుసు. ఫకీరు భిక్షకు వచ్చి, గీత దాటించి, బాలనాగమ్మను కుక్కను చేసి తీసుకుపోతాడని తెలుసు. ఉయ్యాల్లో ఉన్న ఆమె కొడుకు బాలవర్ధిరాజు పెద్దమ్మల చేతుల్లో పెరుగుతాడని తెలుసు. ఆమె వ్రతం పేరు చెప్పి గడువు మీద గడువు అడుగుతూ ఫకీరును ఏళ్ళ తరబడి దూరం పెట్టిందనీ తెలుసు. అయినా ఆట ఉన్న రాత్రి నేల టికెట్లు పొద్దు కుంకక ముందే అయిపోయేవి.

ఇక ఆ తలుపు సంగతి చెప్పాలి.

తెర మీద కోటగోడ. రెండు పక్కలా బురుజులు గుడ్డ మీద వేసిన రంగులే. మధ్యలో తలుపు మాత్రం అసలుసిసలు చెక్క తలుపు. దానికి ఇనుప గడియ, పెద్ద తాళం. గడియ లాగితే కిర్రుమని కడపటి కుర్చీ దాకా వినపడేది. తలుపుకు చెరో పక్కా చెరో కావలివాడు. తలపాగాలు, వెండికాగితం అతికించిన కవచాలు, భుజానికెత్తిన బల్లేలు.

"చీమ దూరాలన్నా నా సెలవు కావాలి" అంటాడు పెద్దమీసాలవాడు.

"గాలి దూరాలన్నా నా సెలవే" అంటాడు రెండోవాడు.

అప్పుడు తంబళి పెద్ది వస్తుంది. అంతఃపురానికి రోజూ పూలు ఇచ్చే ముసలమ్మ. నడుము వంగి, చేతిలో కర్ర. అంతకు ముందు రంగంలో బాలవర్ధిరాజు ఆమె గుడిసెకు చేరి, తానెవరో చెప్పి కాళ్ళ మీద పడతాడు. ఆమె వాణ్ణి లేపి, ఒళ్ళంతా తడిమి చూసి, రాజుల పట్టుబట్ట విప్పించి, ముతక పంచె గోచీపోసి కట్టించి, ముఖానికి ఇంత మట్టి పూస్తుంది. అంతా అయిందనుకుని బయల్దేరబోతూ ఆగుతుంది. వాడి చెవులకు బంగారు పోగులున్నాయి. ఏమీ అనదు. రెండు పోగులూ మెల్లగా తీసి తన నడుమున దోపుకుంటుంది. ఆ క్షణంలో నేల టికెట్ల వాళ్ళంతా 'హమ్మయ్య' అనేవాళ్ళు. ఆ పోగుల సంగతి ఆమెకంటే ముందే చూసిన ఆడవాళ్ళు అప్పటికే పక్కవాళ్ళను పొడుస్తూ ఉండేవాళ్ళు.

తలుపు దగ్గర పెద్దమీసాలవాడు బల్లెం అడ్డం పెడతాడు.

"ఎవడే వీడు?"

"నా మనవడు బాబూ. మోకాళ్ళు పట్టేశాయి. బుట్ట మొయ్యలేక తోడు తెచ్చుకున్నా."

"నీకు మనవడున్నట్టు ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"మీరు అడిగారా బాబూ? పూలు తెచ్చావా అని అడిగారు. ఎలా ఉన్నావని ఏనాడన్నా అడిగారా?"

ఆ మాటకు చప్పట్లు పడేవి కావు. ముసలివాళ్ళు తలలు ఊపేవాళ్ళు.

పిల్లవాడు బుట్ట దించుతాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తాడు. "అవ్వా, పెద్ద దొరకు దణ్ణం పెట్టమన్నావు కదా. ఈ ఇద్దర్లో పెద్ద దొర ఎవరే?" అని అడుగుతాడు. అంతే. ఆ ప్రశ్న అంతకు ముందు ఆ ఇద్దరి మధ్యా ఎన్నడూ పైకి రాని ప్రశ్న. నేనంటే నేనని మొదలుపెడతారు. తాళంచెవి ఉన్నది నా దగ్గర అంటాడు ఒకడు. తాళం తీస్తే మాత్రం, గడియ లాగేది నేను కాదా అంటాడు రెండోవాడు. "చూపించండి దొరా, మా వాడలో చెప్పుకుంటా" అంటాడు పిల్లవాడు, చేతులు కట్టుకుని. ఒకడు తాళం తీసి చూపిస్తాడు. తీసిన తాళం పట్టుకుని వాడు మీసం దువ్వుతుంటే రెండోవాడు గడియ లాగి చూపిస్తాడు. తలుపు కిర్రుమంటుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నువ్వెంతంటే నువ్వెంతనుకునే లోపల పూలబుట్ట గడప దాటిపోతుంది. తర్వాత ఇద్దరూ కలిసి తలుపు మూసి, తాళం వేసి, మళ్ళీ బల్లేలు భుజాన వేసుకుంటారు.

"చీమ కూడా దూరలేదు" అంటాడు పెద్దమీసాలవాడు.

అప్పుడు పడేవి చప్పట్లు. రేకులు అదిరేవి.

బాలవర్ధిరాజు వేషం కట్టింది నా ఈడు ఆడపిల్ల. పగలు మా బడికే వచ్చి వెనక వరసలో కూర్చునేది. మకాం మారితే బడి మారాలి కనుక ఏ ఊళ్ళోనూ పుస్తకం చివరి పాఠం దాకా చదవలేదని చెప్పింది. సాయంత్రం పాలు తీసుకెళ్ళే సరికి ఓ పక్క తమ్ముణ్ణి ఉయ్యాల ఊపుతూ, ఇంకో చేత్తో అద్దం పట్టుకుని ముఖానికి రంగు వేసుకుంటూ ఉండేది. తెల్లపొడి, పచ్చపొడి కొబ్బరినూనెలో అరచేతిలోనే రంగరించేది. కనుబొమలకు కాటుక, పెదాలకు ఎరుపు. ఆడపిల్ల రాజకుమారుడవుతుంది, ఆ రాజకుమారుడు మళ్ళీ పూలవాడవుతాడు. రెండో వేషం మొదటిదాని కంటే కష్టమని ఆమె చెప్పింది. రాజకుమారుడి నడక నేర్పితే వస్తుందట. ఆ నడక దాచుకోవడం రావాలంటే ఏళ్ళు పడుతుందట. బుట్ట ఎత్తుకున్నప్పుడు ఒక్క అడుగు మాత్రం రాచఠీవితో పడాలి, మరుక్షణం సర్దుకోవాలి. జనానికి తెలియాలి, కావలివాడికి తెలియకూడదు. ఆ ఒక్క అడుగు నేర్పడానికి వాళ్ళ నాయనమ్మ పగటిపూట ఖాళీ స్టేజీ మీద ఆమెను ఎన్నిసార్లు నడిపించేదో. ఆ నాయనమ్మే తంబళి పెద్ది.

పెద్దమీసాలవాడు పగలు వడ్రంగి. ఆ తలుపు చేసింది ఆయనే. ఆరడుగుల మనిషి. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఒకసారి, "నువ్వు ఇంకా నవ్వించొచ్చు కదా బాబాయ్, తలపాగా ఊడిపోవడం, కింద పడడం" అన్నాను. ఆయన చిత్రిక పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"నేను వెధవలా ఆడితే ఆ పిల్ల గెలిచేది ఎవణ్ణిరా? ఓ వెధవను గెలుస్తుంది. దాన్లో ఏముంది? నేను నిజంగా ఆ కోటకు నేనే దిక్కు అనుకోవాలి. నాకు ఏ లోటూ ఉండకూడదు. కళ్ళు బాగా కనపడాలి, చెవులు బాగా వినపడాలి. ఒక్క ముసలమ్మను మాత్రం చూసి ఉండకూడదు. రోజూ చూస్తూ చూసి ఉండకూడదు."

నటన గురించి ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. అంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

ఆట ఉన్న ఒక రాత్రి జరిగింది ఇది. మా వీధి చివర ఒక అవ్వ ఉండేది. ఒంటరి మనిషి. ఆమెది కోదాడ అవతల ఓ పల్లె. రజాకార్ల కాలంలో ఇవతలికి వచ్చి మా ఊళ్ళోనే ఉండిపోయింది. సినిమాకు గానీ, ఆటకు గానీ వెళ్ళే అలవాటు లేదు. ఆ రాత్రి ఎవరు బలవంతపెట్టారో, మా అమ్మ పక్కనే ఇసుకలో కూర్చుంది. కోట తలుపు రంగం వచ్చింది. బల్లెం అడ్డం పడింది. "ఎవడే వీడు?" అని పెద్దమీసాలవాడు గద్దించాడు. పెద్ది నోరు తెరిచే లోపల, నేల టికెట్లలోంచి అవ్వ లేచి నిలుచుంది.

"మనుమడే! ఆమె మనుమడే! పోనియ్యి!"

హార్మోనియం ఆగిపోయింది. తాత కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. స్టేజీ మీద పిల్ల బుట్ట పట్టుకుని బిగుసుకుపోయింది. కావలివాడు మాత్రం వేషం వదల్లేదు. మెల్లగా నాలుగడుగులు ముందుకొచ్చి, బల్లెం నేలకు తాటించి, జనంలోకి చూశాడు.

"ఎవరవ్వా నువ్వు? సాక్ష్యం చెప్తావా?"

"చెప్త! ఏడనన్న చెప్త! నాకెరికే ఆ పోరగాడు!"

జనం అంతా అవ్వ వైపు తిరిగారు. ఒక్కరూ నవ్వలేదు. బాబాయ్ ఆమెనే కాసేపు చూసి, తలుపు దగ్గరికి వెళ్ళి, తన చేత్తోనే తాళం తీసి గడియ లాగాడు. "సాక్షి ఉంది. పోరా లోపలికి" అన్నాడు. పెద్ద దొర ఎవరనే గొడవ ఆ రాత్రి జరగలేదు. ఈలలూ చప్పట్లూ ఎంతసేపు మోగాయో, పిల్ల లోపలికి వెళ్ళి తల్లి ముందు నిలబడినా తల్లి పాట మొదలవలేకపోయింది. అవ్వ కూర్చుని కొంగు ముఖానికి కప్పుకుంది. మా అమ్మ ఆమె వీపు నిమురుతూనే ఉంది.

మర్నాడు పొద్దున పాలు పోయడానికి వెళ్తే అవ్వ అరుగు మీద ఉంది. నేను అడగలేదు. తనే చెప్పింది. ఆమె మాటలు నాకు బాగా గుర్తు.

1948 ఎండాకాలం. నిజాం రాజ్యంలో రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులు. కుటుంబాలకు కుటుంబాలు పొలిమేర దాటి కృష్ణా జిల్లాలోకి వస్తున్నాయి. వాళ్ళ ఊరి పోరడొకడు రజాకార్లను ఎదిరించే సంఘం వాళ్ళకు చీటీలు మోస్తున్నాడని తెలిసి ఇళ్ళన్నీ వెతుకుతున్నారు. ఆ పోరడు ఓ రాత్రి ఆమె దొడ్లో దూరాడు. తెల్లారేసరికి ఆమె చింతపండు గంప వాడి నెత్తికెత్తి, పేటలో అమ్ముకొస్తానని బయల్దేరింది. దారిలో కరోడ్‌గిరి నాకా. నిజాం వాళ్ళు సుంకం వసూలు చేసే చోటు.

"జవాన్లు ఇద్దరు. తుపాకులున్నయ్. వీడెవడే అన్నరు. నా కొడుకన్న. నమ్మిన్రో నమ్మలేదో, ఎగాదిగా చూస్తున్నరు. నేనేం జేసిన? గంప దించమని, పన్ను కట్టనని లొల్లి పెట్టిన. నా దొడ్లె చెట్టు, నేను కొట్టిన చింతపండు, మీకెందుకు కట్టాలె అన్న. ఆడిది ఎదురు మాట్లాడుతదా అని ఇద్దరికీ రేషమొచ్చింది. ఇద్దరూ నా మీదికే వచ్చిన్రు. కొంగున మూట ఇప్పిచ్చి హాలీ పైసలు ఒక్కొక్కటి లెక్కవెట్టుకున్నరు. నేను ఏడుస్తనే ఉన్న, తిడుతనే ఉన్న. పోరడు గంప ఎత్తుకుని ఎల్లిపోయిండు."

"వాడి పేరేంటవ్వా?" అన్నాను.

"పేరు అడగలే బిడ్డ. పేరు తెలిస్తే నోట్లకెంచి జారుతది. కొడుకంటే కొడుకే."

పొలిమేర దాటాక వాడు ఎటు వెళ్ళాడో ఆమెకు తెలియదు. ఆమె వెనక్కి వెళ్ళడానికి ధైర్యం చాలక ఇక్కడే ఆగింది. సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. దారులు తెరుచుకున్నాయి. అప్పటికి ఊళ్ళో ఆమె ఇల్లు లేదు, కాల్చేశారు. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు. చెప్పేంత పెద్దపని చేశానని ఆమె అనుకుని ఉండదు.

నేను పరిగెత్తుకెళ్ళి నాటకశాలలో చెప్పాను. ఆ సాయంత్రం తంబళి పెద్ది, అంటే ఆ నాయనమ్మ, నా వెంట మా వీధికి వచ్చింది. రంగు లేని ముఖంతో ఆమెను అవ్వ మొదట గుర్తుపట్టలేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. నాయనమ్మ సానుభూతి మాటలేవీ చెప్పలేదు. పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషిలా అడిగింది. "అక్కా, ఆ అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు ఎటు చూశావు?"

అవ్వ ఆలోచించింది. "వాళ్ళ కండ్లల్లకు చూడలే. పోరని దిక్కూ చూడలే. పైసల దిక్కే చూసిన."

"చేతులు వణికాయా?"

"వణికినయ్. అందుకే గంప పట్టుకుని గుంజిన. కోపమొచ్చి వణుకుతందనుకున్నరు."

ఆ తర్వాతి ఆటకు తంబళి పెద్ది మారిపోయింది. అంతకు ముందు ఆమె కావలివాళ్ళ ముందు చేతులు జోడించి, భయంగా వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ మాట్లాడేది. ఇప్పుడు వచ్చీ రావడంతోనే పూలబాకీ ఎత్తింది. "నిరుడు మీ ఇంటి పెళ్ళికి మోసిన పూలకు డబ్బులేవి బాబూ?" అని పెద్దమీసాలవాణ్ణి నిలదీసింది. వాడు తడబడ్డాడు, తర్వాత మండిపడ్డాడు. పెద్ది బుట్ట పట్టుకు గుంజుతూ, పూలు లెక్కపెడుతూ, ఒక్కసారి కూడా పిల్లవాడి వైపు చూడకుండా రంగమంతా నడిపించింది. చూస్తున్న మాకు ఊపిరాడలేదు. ఆమె వాడి వైపు ఎందుకు చూడడం లేదో మాకు తెలుసు. ఆ ఇద్దరు కావలివాళ్ళకు తెలియదు. అవ్వ ఆ రాత్రి రాలేదు. టికెట్టు లేకుండా ముందు వరసలో చాప వేసి పిలిచినా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నాటకంలో ఆ తర్వాత జరిగే అద్భుతాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తీగల మీద మనిషి గాలిలో తేలి సముద్రాలు దాటడం, పొగలోంచి ఫకీరు లేవడం, చిలక రెక్క విరిస్తే వాడి చెయ్యి పడిపోవడం, కాలు విరిస్తే కాలు పడిపోవడం, రాళ్ళు మళ్ళీ మనుషులై కార్యవర్ధిరాజు కొడుకును చూసి నువ్వెవరని అడగడం, ఇవన్నీ కరెంటు దీపాలూ కప్పీలూ తాళ్ళతో కళ్ళ ముందు చేసి చూపించడం సురభి వాళ్ళకే చెల్లింది. ఆ కప్పీ తాడు ఒకసారి పట్టుకోనిచ్చారు నన్ను. అవతలి కొసన మనిషి బరువు చేతికి తెలుస్తుంది. అరచేతులు కాలాయి. వెంకటేశ్వర నాట్యమండలి నడిపిన బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు, ఇన్నాళ్ళకు ఆ తాళ్ళు లాగిన చేతులన్నిటికీ అందిన గౌరవమని సంతోషించాను. హైదరాబాదు శేరిలింగంపల్లిలో వాళ్ళ కాలనీకి వెళ్ళి, ఇప్పటి పిల్లలు బడి నుంచి వచ్చి ముఖానికి రంగు వేసుకోవడం చూసి వచ్చాను.

నా బాధ వేరే. ఈ మధ్య నగరంలో ఒక సమాజం వాళ్ళు బాలనాగమ్మ వేస్తే మనవరాల్ని తీసుకుని వెళ్ళాను. దీపాలు బ్రహ్మాండం, తెరలు బ్రహ్మాండం. పెద్దమ్మల దగ్గర సెలవు తీసుకున్న బాలవర్ధిరాజు మరుసటి రంగంలో నేరుగా తల్లి ముందు నిలబడ్డాడు. కోట తలుపు లేదు. పెద్ది లేదు. కోటలోకి ఎలా వచ్చాడని మనవరాలు అడిగింది. దానికి ఆ ప్రశ్న వచ్చిందంటే అక్కడ ఏదో లేదని దానికీ తెలిసింది.

ఆట అయ్యాక నిర్వాహకుణ్ణి కలిశాను. మంచివాడు, కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆట రెండు గంటల్లో ముగియాలి, హాలు అద్దె గంటల లెక్కన, అందుకని హాస్యం రంగాలు తీసేశామన్నాడు. అది హాస్యం రంగం కాదని చెప్పాను. కావాలంటే చిలక దగ్గరికి ఎగిరి వెళ్ళడం కుదించండి, అడవిలో పాట తీసేయండి, తలుపు మాత్రం తీయకండి అన్నాను. ఎక్కడైనా ఒక మనిషిని బంధించి కాపలా పెట్టారంటే, ఆ కాపలావాళ్ళ కళ్ళ ముందు నుంచే రోజూ పూలో పాలో చింతపండో మోసుకెళ్ళే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి మనసు పెడితేనే కథ ముందుకు నడుస్తుంది. ఆమెను తీసేస్తే బాలవర్ధిరాజుకు మిగిలేది మాయలే. మాయలు ఫకీరుకూ ఉన్నాయి.

ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆ రంగం రాతప్రతి తమ దగ్గర లేదనీ, పాతవాళ్ళు నోటికే ఆడేవాళ్ళనీ చెప్పాడు. గుర్తున్నంత వరకు రాసి పంపమన్నాడు. రాశాను. పూలబాకీతో సహా, ఎవరు ఎప్పుడు ఎటు చూడాలో కూడా రాశాను. కావలివాళ్ళ వేషాలకు ఒడ్డూ పొడుగూ ఉన్న మంచి నటుల్ని పెట్టమనీ, వాళ్ళ చేత కోతిచేష్టలు చేయించొద్దనీ మొదటి పేజీలోనే రాశాను. పెద్ది వేషానికి ఎవరున్నారని ఫోన్లో అడిగితే, వాళ్ళ మేనత్త ఉందని, మోకాళ్ళ నొప్పులతో స్టేజీ మానేసి చాలా కాలమైందని అన్నాడు. నిలబడగలిగితే చాలన్నాను. అడిగి చూస్తానన్నాడు.